మా ఊరి చరిత్ర రాయాలి, రాజుల పేర్లు తప్ప ఏమీ దొరకట్లేదు, ఎక్కణ్ణుంచి మొదలెట్టాలి?

నాగావళి_ఈవల

అందరికీ నమస్కారం. మాది సంతకవిటి మండలంలో ఒక చిన్న ఊరు. 2022 ఏప్రిల్ దాకా శ్రీకాకుళం జిల్లా, ఇప్పుడు రాజాంతో పాటు విజయనగరం జిల్లాలోకి వచ్చేసాం. వచ్చే ఏడాది మా ఊళ్ళో అమ్మవారి సంబరం ఉంది, చాలా ఏళ్ళ తర్వాత చేస్తున్నారు, కుర్రాళ్ళంతా కలిసి ఆ టైముకి ఊరి చరిత్ర మీద ఒక చిన్న పుస్తకం వేద్దాం అనుకున్నారు. నేను బెంగుళూర్లో ఉద్యోగం, తెలుగు టైపింగ్ వచ్చు కదా అని రాసే పని నాకు అప్పజెప్పారు. నాకూ చాలా ఇష్టమైన పనే, ఒప్పుకున్నా.

సమస్య ఏంటంటే నెట్‌లో ఎంత వెతికినా 1757 బొబ్బిలి యుద్ధం, రాజాంలో తాండ్ర పాపారాయుడు, విజయనగరం రాజులు, ఇవే వస్తున్నాయి. మా ఊరి గురించి జనాభా లెక్క, పిన్‌కోడ్ తప్ప ఏం లేదు. పెద్దోళ్ళని అడిగితే ఎవరింటి గొప్ప వాళ్ళు చెప్తున్నారు, మా తాతలే ముందొచ్చారని ఒకరు, కాదు మావాళ్ళే గెడ్డ (వాగు) అవతల నుంచి వచ్చి అడివి కొట్టి పొలం చేసారని ఇంకొకరు, మొన్న దీని మీదే మా పెదనాన్నకీ పక్కింటి తాతకీ మాటా మాటా పెరిగింది కూడా.

కాబట్టి అడిగేది ఏంటంటే, మామూలు రైతుల ఊరికి పాత రికార్డులు అంటూ ఏమన్నా ఉంటాయా, ఉంటే ఎక్కడ అడగాలి, పెద్దోళ్ళని ఏం అడిగితే నిజంగా పనికొచ్చే విషయాలు వస్తాయి, ఎవరు ముందొచ్చారు అన్న గొడవ లేకుండా రాయడం కుదురుతుందా. మా మామ్మ ఈడు వాళ్ళు ఊళ్ళో చాలా కొద్దిమందే మిగిలారు, ఇప్పుడు రాయకపోతే ఇంక రాయలేం అని భయంగా ఉంది. తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

పాత_అడంగల్

బాబూ, మంచి పని తలకెత్తుకున్నావు. నేను రెవెన్యూలో చేసి రిటైర్ అయినవాణ్ణి, అదే వైపు మండలాల్లో పనిచేసాను, కాబట్టి కాగితాల సంగతి నేను చెప్తాను.

ముందు మీ ఊరు పాతకాలంలో ఏ కిందకి వచ్చేదో తేల్చుకో. జమీందారీదా, సర్కారుదా, లేకపోతే దానంగా ఇచ్చిన ఇనాం ఊరా, అంటే అగ్రహారమో, శ్రోత్రియమో, ముఖాసానో. మన వైపు 1802లో కంపెనీ వాళ్ళు శాశ్వత శిస్తు పెట్టి జమీందార్లకి సనదులు (హక్కు పత్రాలు) ఇచ్చారు, అక్కణ్ణుంచి 1948 ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చేదాకా ఎక్కువ ఊళ్ళు ఏదో ఒక ఎస్టేట్‌లోనే ఉన్నాయి. జమీందారీ ఊళ్ళల్లో రైతుల పేర్లు ఎస్టేట్ కచేరీ లెక్కల్లో ఉండేవి, అవి చాలా మట్టుకు దొరకవు. కానీ ఎస్టేట్ సర్కారు చేతికొచ్చాక సర్వే చేసి సెటిల్‌మెంట్ చేసారు చూడు, అప్పుడు రాసిన సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ అని ఒకటి ఉంటాది, మేం ఎస్ఎఫ్ఏ అనేవాళ్ళం. ఊరి చరిత్ర రాసేవాడికి అంతకన్నా విలువైన కాగితం లేదు. ఏ మడి ఎవరి సాగులో ఉంది అన్నదే కాదు, చెరువు, బంద (చిన్న కుంట), దొంక, కళ్ళం, శ్మశానం, మంద నిలిచే చోటు, అన్నిటికీ నంబరు వేసి విస్తీర్ణం రాసి ఉంటాది. ఇప్పుడు ఊళ్ళో ఎన్ని మిగిలాయో దాంతో పోల్చి చూసుకో, ఊరు ఎలా మారిందో నీకే తెలుస్తాది. తహసీల్దార్ ఆఫీసులోనో కలెక్టరేట్ రికార్డు రూములోనో ఉంటాది, నకలు కోసం దరఖాస్తు పెట్టు, జవాబు రాకపోతే సమాచార హక్కు కింద అడుగు.

రెండోది ఇనాం ఫెయిర్ రిజిస్టర్. 1858లో ఇనాం కమిషన్ వేసారు, దాని తర్వాత కొన్నేళ్ళల్లో ఊరూరా మాన్యాలన్నీ విచారించి రాసారు. గుడి మాన్యం, కరణం మాన్యం, చాకలి, మంగలి, కమ్మరి, వడ్రంగి మాన్యాలు, ఎవరికి ఎందుకు ఇచ్చారు, అప్పుడు ఎవరు అనుభవిస్తున్నారు అని పేర్లతో సహా ఉంటాది. అంటే మీ ఊళ్ళో కమ్మరి తాతకి ముత్తాత పేరు మీ ఊరి పెద్ద రైతు ముత్తాత పేరు కన్నా ముందు దొరకొచ్చు. ఎవరు ముందొచ్చారు అని వాదించుకునేవాళ్ళకి ఇది చూపించు.

ఇంకో జాగ్రత్త. మన జిల్లాలు చాలాసార్లు మారాయి. శ్రీకాకుళం, నరసన్నపేట, టెక్కలి వైపు 1936 దాకా గంజాం జిల్లా, ఒరిస్సా వేరే రాష్ట్రం అయ్యాక విశాఖలో కలిసాయి. 1950 ఆగస్టు 15న శ్రీకాకుళం జిల్లా, 1979 జూన్ 1న విజయనగరం జిల్లా. బొబ్బిలి, పార్వతీపురం, చీపురుపల్లి 1979 దాకా శ్రీకాకుళంలోనే ఉండేవి. నీ ఊరు ఏ ఏడాది ఏ తాలూకాలో ఉందో మీ ఇంట్లో పాత శిస్తు రసీదు మీదే ఉంటాది, ముందు అది చూసుకుని అప్పుడు ఆఫీసుకి వెళ్ళు, లేకపోతే మాది కాదు అంటే మాది కాదు అని తిప్పుతారు. బాగా పాత మద్రాసు కాలం ఫైళ్ళు చెన్నై ఎగ్మోర్‌లో తమిళనాడు ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. 1907 నాటి విశాఖపట్నం గెజిటీరు చదువు, ఊరి పేరు ఉండదు గానీ కరువులు, శిస్తులు, ఎస్టేట్ల సంగతి తెలుస్తాది. 1951 నుంచీ వచ్చిన జనాభా లెక్కల జిల్లా హ్యాండ్‌బుక్కులు కూడా చూడు.

కరణాలు, మునసబుల పదవులు 1984లో పోయాయి కదా, రామారావు గారి టైములో. అప్పగించగా మిగిలిన కాగితాలు కొన్ని ఇళ్ళల్లో అటక మీద ఇంకా ఉన్నాయి. మర్యాదగా వెళ్ళి అడుగు, ఫోటోలు తీసుకుని అక్కడికక్కడే తిరిగి ఇచ్చేయి.

గరువు_రైతు

పాత అడంగల్ గారు చెప్పినవన్నీ కరెక్టే, కాదనను. కానీ తమ్ముడూ, నువ్వు కాగితాలతో మొదలెడితే ఆ ఆఫీసుల చుట్టూ తిరగడంతోనే సంబరం వచ్చేస్తాది. మాది బొబ్బిలి దగ్గర. నా మాట విని ముందు చెరువు గట్టు మీదకి వెళ్ళు. ఇంట్లో కుర్చీ వేసి కూకోబెట్టి అడిగితే ఏ ముసలాయనైనా వంశం గొప్పే చెప్తాడు, అదే మనిషిని మదుం (చెరువు తూము) దగ్గరకి తీసుకెళ్ళి ఈ నీళ్ళు ముందు ఎవరికి వదిలేవోరు అని అడుగు, అప్పుడు ఊరి చరిత్ర వస్తాది.

మన రెండు జిల్లాలూ చెరువుల మీద బతికిన జిల్లాలు. కాలవలు ఉన్న ఊళ్ళు ఉన్నాయి, తోటపల్లి పాత రెగ్యులేటరు 1908 నాటిది, మీ మండలంలోనే నారాయణపురం ఆనకట్ట ఉంది, తర్వాత మడ్డువలస వచ్చింది. అయినా మెట్ట మీదున్న ఊళ్ళకి చెరువే దిక్కు, ఒక చెరువు నిండి పొర్లితే కింద చెరువుకి, అది నిండితే ఇంకా కింద ఊరి చెరువుకి. అందుకే మన ఊళ్ళ గొడవలూ చుట్టరికాలూ అన్నీ నీళ్ళ దారినే ఉంటాయి, పై ఊరోళ్ళు పొర్లు ఎత్తు పెంచితే కింద ఊరోళ్ళు కర్రలు పట్టుకుని వచ్చేవోరు, తర్వాత పెద్దలు కూర్చుని తగువు తీర్చేవోరు. ఆ తగువుల్లో ఏం ఒప్పుకున్నారో అడుగు, ఎవరికి ఎన్ని జాములు నీళ్ళు, చివరి మడికి ఎండాకాలం ఏం చేసేవోరు, నీళ్ళు తిప్పే మనిషికి కళ్ళంలో ఎన్ని గింజలు. వేసంగిలో ఇంటికో మనిషి చొప్పున వచ్చి గట్టు మీద మట్టి వేసేవోరు, ఏరుల్లో పూడిక తీసేవోరు, దాన్నే కుడిమరామత్తు అనేవోరు. అది ఏ ఏడాది ఆగిపోయిందో మీ ఊళ్ళో పెద్దోళ్ళకి గుర్తుంటాది. 1997లో నీటి సంఘాలు వచ్చాయి గానీ అప్పటికే చాలా ఊళ్ళల్లో బోర్లు పడిపోయాయి, ఎవరి నీళ్ళు వాళ్ళవి అయిపోయాక గట్టు ఎవడికి కావాలి.

అలాగే గోగు. రాజాం వైపు ఊరి చరిత్ర రాసి గోగునార గురించి రాయకపోతే ఆ పుస్తకం సగమే. మా చిన్నప్పుడు గరువుల (మెట్ట చేల) నిండా గోగే. పూత మొదలయ్యాక కోసి కట్టలు కట్టి ఆకు రాలేదాకా చేలోనే నిలబెట్టి, తర్వాత చెరువులోకి మోసుకెళ్ళి ముంచేవోరం, పైకి తేలకుండా మట్టిబెడ్డలూ రాళ్ళూ పెట్టి. రెండు మూడు వారాలు నానాలి. తక్కువ నానితే నార ఊడదు, ఎక్కువ నానితే నార కుళ్ళి తెగిపోతాది, ఆ రోజు ఏదో మా నాన్న కట్టలోంచి ఒక కర్ర లాగి మొదట్లో గోరుతో గిల్లి చూసి చెప్పేవోడు. నడుం లోతు నీళ్ళల్లో దిగి మొగా ఆడా అందరూ నార ఒలిచేవోరు, ఆ నీళ్ళు నల్లగా అయిపోయి చేతులు దురద పెట్టి, ఆ కంపు ఒంటిని వదిలేది కాదు, అన్నం తింటుంటే చేతికి అదే వాసన. ఒలిచిన నార రోడ్డు పొడుగునా వెదుర్ల మీద ఆరేస్తే ఎండకి పసుపుగా మెరిసేది. ఆ పుల్లలు పొయ్యిలోకీ దడులకీ. నార బళ్ళ మీద రాజాం షావుకార్ల దగ్గరకి, అక్కణ్ణుంచి నెల్లిమర్ల, చిట్టివలస జూట్ మిల్లులకి. ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆ డబ్బుతోనే అయ్యాయి. ప్లాస్టిక్ సంచులు వచ్చాక రేటు లేదు, నార తీసే కూలీ దొరకదు, ఇప్పుడు ఆ గరువులన్నీ మొక్కజొన్న. ఈ మార్పు మీ ఊళ్ళో ఎప్పుడు జరిగిందో, ఆఖరి గోగు పంట ఎవరు వేసారో కనుక్కో.

చోళ్ళు, గంటెలు, సామలు ఏ గరువులో పండేవో అడుగు. కుంచం, అడ్డ, మానిక, తవ్వ ఎవరింట్లోనైనా ఉంటే ఫోటో తియ్యి. కళ్ళంలో గింజలు కొలిచేటప్పుడు ఒకటి అనకుండా లాభం అని మొదలెట్టేవోరు కదా, ఆ కొలిచే పాట మీ ఊళ్ళో ఎలా అనేవోరో ఎవరి చేతైనా అనిపించి రికార్డు చేసుకో.

ఒక్క తొందర మాత్రం ఉంది. 2020 డిసెంబర్‌లో మొదలెట్టిన రీసర్వే అయిపోయిన ఊళ్ళల్లో పాత సర్వే నంబర్లు పోయి కొత్త ఎల్‌పీఎం (ల్యాండ్ పార్సిల్ మ్యాప్) నంబర్లు వచ్చాయి. మీ ఊళ్ళో అయిందో లేదో చూసుకుని పాత ఎఫ్ఎంబీలూ (పొలం కొలతల పుస్తకాలు) విలేజ్ మ్యాపూ కాపీ తీసి పెట్టుకో. ఆ మ్యాపు పట్టుకుని ఇద్దరు ముసలోళ్ళతో పొలమంతా నడువు, ప్రతి తుంపు దగ్గరా దీన్ని ఏమంటారు అని అడిగి మ్యాపు మీద రాసుకో. పొలం పేర్లు ఏ రికార్డులోనూ లేవు, ఆ ముసలోళ్ళ నోట్లోనే ఉన్నాయి.

నాగావళి_ఈవల

ఇద్దరికీ చాలా థాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు.

మీ మాటలు చదివి మొన్న శెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అమ్మ ట్రంకు పెట్టె తీయించా. తాత కొన్న భూమి దస్తావేజు ఒకటి దొరికింది, స్టాంపు కాగితం మడతల దగ్గర చిరిగిపోయింది గానీ అక్షరాలు కనిపిస్తున్నాయి. అందులో సర్వే నంబరు కన్నా హద్దులే ఎక్కువ రాసారు. తూర్పు దేవుడి మాన్యం గట్టు, దక్షిణం చాకలి మడి, పడమర బంద, ఉత్తరం దొంక. ఇది పట్టుకుని నాన్నతో కలిసి పొలానికి వెళ్ళాం. మాన్యం గట్టు ఉంది, దొంక సగం ఉంది, చాకలి మడి ఇప్పుడు ఎవరిదో. కానీ పడమర బంద లేదు! అక్కడ ఇప్పుడు ఇళ్ళు ఉన్నాయి, ఒక కిరాణా కొట్టు ఉంది. నాన్నకి కూడా అక్కడ బంద ఉండేదని తెలీదు. మామ్మని అడిగితే ఏమీ ఆశ్చర్యపోకుండా "ఓలమ్మ, అది సాకలి బంద కాదేటి, మేం దాన్లోనే గదా గొడ్లని కడిగేవోలం" అంది. ప్రతి వానాకాలం ఆ ఇళ్ళల్లోకి నీళ్ళు ఎందుకొస్తాయో అప్పుడు అర్థమైంది మాకు.

ఇప్పుడు ఇంకో డౌట్. సంబరం గురించి ఒక చాప్టర్ రాయాలి. రాట వేసిన దగ్గర్నుంచి తొలేళ్ళు (సంబరం ముందు రోజు వేడుక), ఘటాలు, ముర్రాటలు, అనుపు (అమ్మవారిని సాగనంపడం) దాకా ఎవరి పని ఏంటో రాస్తుంటే ఘటం ముందు ఏ వీధికి వెళ్ళాలి అన్న దగ్గర ఇప్పటికే రెండు వెర్షన్లు వచ్చాయి. రెండూ రాయాలా, వదిలేయాలా?

టెక్కలి_ఆడపడుచు

రెండూ రాయండి తమ్ముడు గారూ, ఎవరు ఏం చెప్పారో అలాగే రాయండి. మా కన్నవారి ఊళ్ళో ఇలాంటి పుస్తకం వేసినప్పుడు గొడవలెందుకని ఒక్కటే రాసారు, ఇప్పుడు దాన్నే సాక్ష్యంగా చూపిస్తున్నారు, ఇంకా పెద్ద గొడవైంది.

నేను వేరే విషయం చెప్దామని వచ్చాను. ఇంతవరకూ అందరూ తాతల్ని అడగమనే చెప్పారు. సంబరానికి ఊరి ఆడపడుచులందరినీ పిలిచి చీర, పసుపు కుంకుమ పెడతారు కదా, ముప్ఫై ఏళ్ళ కిందట పెళ్ళై పోయినవాళ్ళు కూడా వస్తారు. వాళ్ళని కూర్చోబెట్టి అడగండి. ఊళ్ళోనే ఉండిపోయినవాళ్ళకి మార్పు అంత తెలీదు, రోజూ చూస్తుంటారు కాబట్టి. బయటికి వెళ్ళినవాళ్ళకి తాము వదిలి వెళ్ళిన ఊరు అలాగే గుర్తుండిపోతుంది. పైగా వాళ్ళకి రెండేసి ఊళ్ళు తెలుసు, అక్కడ చెరువు ఇలా, ఇక్కడ అలా అని పోల్చి చెప్తారు. ఏ బావి నీళ్ళు పప్పు ఉడకడానికి మంచివి, కొత్తమావాస్యకి ఏం వండేవారు, పురుళ్ళు ఎవరు పోసేవారు, మంత్రసాని పేరేంటి, ఇవన్నీ వాళ్ళ దగ్గరే ఉన్నాయి. మా ఊరికి పురుళ్ళు పోసిన ఆవిడ చేతి మీదుగా మూడు తరాలు పుట్టాయి, ఊరి పుస్తకంలో మునసబుల లిస్టు మొత్తం ఉంది గానీ ఆవిడ పేరు లేదు, నాకు ఇప్పటికీ బాధే.

ఉభాల (వరి నాట్ల) గురించి తప్పకుండా రాయండి. వరుసలో ఎవరు ముందు నిలబడేవారు, పాట ఎవరెత్తుకునేవారు, కూలి గింజల్లో ఇచ్చినప్పుడు ఎంత, డబ్బుల్లోకి ఎప్పుడు మారింది, మగవాళ్ళకెంత ఆడవాళ్ళకెంత. మా అమ్మ ఉభాల పాటలు పాడమంటే ఇంట్లో కూర్చుంటే రావు అంటుంది, మడిలోకి దిగి నడుం వంచితే వాటంతటవే వస్తాయంటుంది. అందుకే నాట్ల రోజుల్లో ఫోన్ పట్టుకుని గట్టు మీద నిలబడండి.

వలసలు కూడా. మన ప్రాంతంలో రంగం (రంగూన్) వెళ్ళని ఊరు చాలా తక్కువ. కళింగపట్నం, బారువ, భీమిలి రేవుల నుంచి ఓడ ఎక్కి బర్మా వెళ్ళి మిల్లుల్లో, రేవుల్లో పనిచేసి డబ్బు పంపేవారు. ఊళ్ళో పాత మండువా ఇళ్ళ దూలాలు ఏ కర్రో అడిగితే రంగం టేకు అంటారు చూడండి, అలా తెలుస్తుంది. 1942లో జపాన్ వాళ్ళు రంగూన్ పట్టుకున్నాక కొండలూ అడవులూ దాటి నడిచి వచ్చినవాళ్ళున్నారు, రాని వాళ్ళూ ఉన్నారు. ఆ తర్వాత ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాపు, ఇప్పుడు హైదరాబాద్, చెన్నై బిల్డింగ్ పనులు. మగవాళ్ళు వెళ్ళిపోయిన ఆ ఏళ్ళల్లో పొలం ఎవరు చేసారు? దుక్కి ఎవరి చేత దున్నించుకున్నారు? ఆ ఉత్తరాలు ఎవరు చదివి పెట్టారు? ఇవి అడిగితే ఇంకో ఊరు కనిపిస్తుంది మీకు.

మా వైపు మందస జమీందారీలో గుడారి రాజమణిపురంలో 1940 ఏప్రిల్ 1న పోలీసు కాల్పుల్లో చనిపోయిన గున్నమ్మ గర్భవతి. అడివి కర్ర దగ్గర మొదలైన రైతుల గొడవ అది. వీరగున్నమ్మ అని ఇప్పుడు అందరూ చెప్పుకుంటున్నారు, కానీ ఆ రోజు పోలీసుల బండ్లకి అడ్డం నిలబడినవాళ్ళల్లో ఆవిడతో పాటు ఊరి ఆడవాళ్ళు ఎంతమందో ఉన్నారు. 1937లో ఇచ్ఛాపురం నుంచి మద్రాసు దాకా రైతు రక్షణ యాత్ర నడిచారు, అది మీ ఊళ్ళ మీదుగా వెళ్ళిందా, మజ్జిగ నీళ్ళు ఎవరిచ్చారు అని కనుక్కోండి. ఒకవేళ మీ ఊళ్ళో కూడా జమీందారు మనుషులకి ఎదురు చెప్పిన ఆడవాళ్ళు ఉంటే ఆ పేర్లు ఇంకెక్కడా దొరకవు.

మా_పేట

ఇది చదువుతూ వస్తున్నాను, అందరూ మంచి విషయాలే చెప్పారు. ఒకటి నేను అడగాలి. ఈ పుస్తకం రాయడానికి మీరు మాట్లాడే పెద్దల్లో మీ ఊరి ఎస్సీ పేట నుంచి ఎంతమంది ఉన్నారు?

ఊరి చరిత్ర పుస్తకాలు నేను కొన్ని చూసాను. మా గురించి ఒక్క లైను ఉంటుంది, అన్ని కులాలవారూ అన్నదమ్ముల్లా కలిసి మెలిసి ఉంటారు అని. మా తాత ఒకే ఇంట్లో కంబారిగా చేసాడు, ఏడాదికి ఇన్ని గింజలని జీతం, చేసిన అప్పుకి గింజలు పట్టేసుకునేవారు, అప్పు తీరక మా నాన్న కూడా అదే ఇంట్లో గొడ్ల దగ్గర చేరాడు. 1976లో వెట్టి చాకిరీ రద్దు చట్టం వచ్చింది, మా పేటకి ఆ మాట చేరడానికి ఇంకా చాలా ఏళ్ళు పట్టింది. పైన చెరువు గట్టుకి ఇంటికో మనిషి వచ్చి మట్టి వేసేవారు అన్నారు కదా గరువు రైతు గారు, మా వైపు పెద్ద రైతులు తమ బదులు కంబారిని పంపేవారు. అంటే ఆ గట్టు మీద మట్టి మా వాళ్ళు మోసిందే. అది రాయండి. నేను కోపంతో అనట్లేదు, గట్టు ఎవరు వేసారు అని అడిగితే ఆ జవాబులో మా పేరు కూడా రావాలి అంతే.

అడగాల్సినవి చెప్తాను. మంచినీళ్ళ బావి ఎవరిది, మా వాళ్ళు ఎప్పటినుంచి తోడుకుంటున్నారు, అంతకు ముందు ఎక్కణ్ణుంచి తెచ్చుకునేవారు. చావు కబురు ఊరూరా ఎవరు మోసేవారు. సంబరంలో డప్పు ఎవరిది, డప్పు కొట్టినవాళ్ళు గుడి దగ్గర ఎంతవరకూ వెళ్ళేవారు, ఇప్పుడు ఎంతవరకూ. బంజరు భూమికి డి పట్టాలు (సర్కారు పేదలకిచ్చే అసైన్డ్ పట్టాలు) ఎప్పుడిచ్చారు, ఆ భూమి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది. అసైన్డ్ భూములు అమ్మకూడదని 1977లో చట్టం వచ్చింది, అయినా ఎన్ని చేతులు మారాయో ఊళ్ళో అందరికీ తెలుసు. పేటలో మొదట పదో తరగతి పాసైంది ఎవరు, ఏ హాస్టల్లో ఉండి చదివారు.

రికార్డుల విషయంలో కూడా ఒకటి. బొబ్బిలి, శ్రీకాకుళం లాంటి చోట్ల కెనడియన్ బాప్టిస్ట్ మిషన్ వాళ్ళు 19వ శతాబ్దం చివర్నుంచే పనిచేసారు. మీ పేటలో చర్చి ఉంటే బాప్తిస్మం రిజిస్టర్లు అడగండి. పట్టా పుస్తకాల్లో లేని మా ముత్తాతల పేర్లు ఆ రిజిస్టర్లలో ఉండొచ్చు. ఊరి ప్రైమరీ స్కూల్ అడ్మిషన్ రిజిస్టర్ కూడా చూడండి, ఏ ఏడాది ఏ ఇంటి పిల్లలు మొదట బడికి వచ్చారో, ఎన్నో తరగతిలో మానేసారో అంతా వరసగా ఉంటుంది.

గరువు_రైతు

మా_పేట గారు చెప్పింది నిజం. మా ఊళ్ళో కూడా గట్టు పని కంబారోళ్ళ చేతే చేయించేవోరు, ఇంటికో మనిషి అని చెప్పుకోడం అలవాటైపోయింది. తమ్ముడూ, ఆయన చెప్పినట్టే రాయి.

నాగావళి_ఈవల

మా_పేట గారూ, ఇంతవరకూ పేటలో ఒక్కరితో కూడా మాట్లాడలేదు. మీరు అడిగేదాకా ఆ సంగతి ఎవరం అనుకోలేదు. కుర్రాళ్ళ గ్రూపులో మీ పోస్టు పెట్టాను, పేట నుంచి ఇద్దరు కుర్రాళ్ళు పుస్తకం పనిలోకి వస్తామన్నారు, వాళ్ళ భాగం వాళ్ళే అడిగి వాళ్ళే రాస్తారు, నేను టైపు చేసిస్తా, ఏమీ మార్చను.

అక్కా, ఆడపడుచుల ఐడియా అందరికీ నచ్చింది. తొలేళ్ళ ముందు రోజు మధ్యాహ్నం బడి వరండాలో కూర్చోబెడదాం అనుకుంటున్నారు. అంటే పుస్తకం సంబరానికి రాదు, సంబరం తర్వాతే వస్తుంది, కమిటీలో పెద్దలు కొంచెం గునిసారు గానీ ఒప్పుకున్నారు.

పాత అడంగల్ గారూ, ఒక్క ప్రశ్న. ఎస్ఎఫ్ఏ నకలు కోసం అడిగితే మీ ఊరి రికార్డు ఇక్కడ లేదు, జిల్లా మారినప్పుడు అటు వెళ్ళింది అంటున్నారు. అటు అడిగితే ఇటు అంటున్నారు. ఏం చేయాలి?

పాత_అడంగల్

అలాగే అంటారని ముందే అనుకున్నాను బాబూ. నోటితో అడగకు. రెండు కలెక్టరేట్లకీ వేర్వేరుగా సమాచార హక్కు దరఖాస్తు పెట్టు, ఫలానా ఊరు, ఫలానా పాత తాలూకా అని రాసి, ఆ ఊరి సెటిల్‌మెంట్ ఫెయిర్ అడంగల్ మీ దగ్గర ఉందా, లేకపోతే ఏ తేదీన ఎవరికి అప్పగించారో ఆ అప్పగింత జాబితా నకలు ఇవ్వండి అని అడుగు. అప్పగింత కాగితం అడిగితే వెతకక తప్పదు. ముప్ఫై రోజుల్లో జవాబు ఇవ్వాలి, ఇవ్వకపోతే అక్కడే పై అధికారికి అప్పీలు వెయ్యి. ఈలోగా మీ మామ్మతో ఆ సాకలి బంద ఎంత మేర ఉండేదో చూపించుకుని పాత మ్యాపు మీద గీసి పెట్టు. అడంగల్ వచ్చాక దాని విస్తీర్ణం చూసుకోవచ్చు. నకలు వస్తే మొదటి పేజీ ఫోటో ఇక్కడ పెట్టు, గొలుసు రాత చదవడం కష్టమైతే నేను చదివి చెప్తాను.